ఎవరబ్బాయివి... ఏం చేశావు?

*ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో ఇంటర్వ్యూ కుర్చీ కథ*

కదమాలో ఒక తెలుగు ఇల్లు. పొద్దున్న అయిదున్నర. ఆరింటి ఏ షిఫ్ట్‌కి వెళ్ళేవాళ్ళ స్కూటర్లు సందులోంచి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. వరండాలో కుర్చీ మీద ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, పక్కన ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో పదో తరగతి మార్కుల జాబితా, పాలిటెక్నిక్ డిప్లొమా, ఆధార్ జిరాక్సు, నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు అద్దం ముందు నిలబడి తన పేరు, తండ్రి పేరు, చదువు, హాబీలు ఇంగ్లీషులో అప్పజెబుతున్నాడు. హాబీల దగ్గరికి రాగానే ప్రతిసారీ బండి ఆగిపోతోంది.

"ఏటి గుంటడా, ఎవరితో మాటాడతన్నావు?" వంటింట్లోంచి నాయనమ్మ.

"ఇంటర్వ్యూ వాళ్ళతో."

"ఆలింకా రానేదు గదేటి! తాత పేరు సెప్పు. ముప్పయ్యేల్లు సేసినాడని సెప్పు."

"ఇప్పుడలా చెప్పకూడదు నాయనమ్మా."

ఉద్యోగాల సీజన్లో ఈ ఊళ్ళో ఇలాంటి సంభాషణలు వీధికొకటి వినిపిస్తాయి. ఆ నాయనమ్మ చెప్పింది వట్టి చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. ఒకప్పుడు ఇక్కడ సరిగ్గా అదే మాట తలుపు తెరిచింది. ఇప్పుడు తెరవదు. ఎందుకు తెరవదో, దాని బదులు ఏ మాట కావాలో తెలియకనే చాలామంది పిల్లలు అద్దం ముందు తడబడుతున్నారు.

పైగా ఇప్పుడు ఇంటర్వ్యూ అన్నదే చర్చలో పడింది. మొదటి రౌండు మనుషులు కాక సాఫ్ట్‌వేరు చేస్తోందని అభ్యర్థుల గోల. అభ్యర్థులు తెర చాటున ఏఐని పెట్టుకుని జవాబులు చదివేస్తున్నారని కంపెనీల గోల. చివరికి గూగుల్ అధిపతి సుందర్ పిచాయే 2025 జూన్‌లో, కనీసం ఒక రౌండయినా ముఖాముఖి ఉండేలా చూస్తున్నామని ఒక పాడ్‌కాస్ట్‌లో చెప్పారు. అంటే తిరిగి తిరిగి బల్లకు అటొకరు, ఇటొకరు కూర్చునే పద్ధతికే వస్తున్నాం. ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చూడటానికి జంషెడ్‌పూర్‌ని మించిన ఊరు దొరకదు. ఊరు ఊరంతా ఉద్యోగం కోసమే పుట్టింది కదా.

గేటు దగ్గర పుట్టిన ఊరు

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట సాక్చీ అనే పల్లె దగ్గర కర్మాగారం లేచింది. 1912లో మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. రైలు పట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు ఖరగ్‌పూర్ దాకా వచ్చారు, అక్కణ్ణుంచి ఇక్కడికీ చేరారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తు. ఈనాటికీ అక్కడ కల్యాణం జరిగితే సగం సంభాషణ సిక్కోలు యాసలో, సగం హిందీలో నడుస్తుంది.

ఆ తొలి రోజుల్లో ఇంటర్వ్యూ ఎక్కడిది? గేటు దగ్గర గుంపు, ఆ గుంపులోంచి మనుషుల్ని ఏరుకునే ఫోర్‌మన్, సర్దార్లు. ఒకే ఊరివాళ్ళు ఒకే విభాగంలో కనిపించేవారంటే కారణం అదే. ముందొచ్చినవాడు వెనక తమ్ముణ్ణి, బావమరిదిని పిలిపించుకునేవాడు. 1921లో కంపెనీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాక చదువుకున్న పనివాళ్ళ ఎంపిక వేరే దారి పట్టింది కానీ, బంధుత్వపు దారి మూసుకుపోలేదు. తర్వాతి దశాబ్దాల్లో అదే ఒక పద్ధతిగా స్థిరపడింది. ఏళ్ళ తరబడి పనిచేసినవాడి బిడ్డకు కంపెనీలో చోటు దొరకడం ఇక్కడ ఆనవాయితీ అయింది. టెల్కోగా మొదలైన టాటా మోటార్స్‌లో 'బై-సిక్స్' అని పిలిచే తాత్కాలిక ఉద్యోగులు కూడా ఎక్కువగా ఉద్యోగుల పిల్లలే.

కాబట్టి తాతల కాలంలో బోర్డు ముందు కూర్చున్న కుర్రాడికి మొదట ఎదురయ్యే ప్రశ్న "ఎవరబ్బాయివి?" జవాబుగా టికెట్ నంబరు, డిపార్ట్‌మెంటు పేరు చెబితే చాలు. ఎదుటివాడి ముఖంలో ఒక గుర్తు మెరిసేది. తండ్రి పనితనమే కొడుకు సర్టిఫికెట్టు. దీన్ని అన్యాయమని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం. కానీ కొలిమి దగ్గర పక్కవాడు ఏమరుపాటుగా ఉంటే ప్రాణం పోయే పని అది. తెలిసినవాడి బిడ్డ కావాలనుకోవడం వెనక ఆ భయం కూడా ఉంది. నష్టపోయింది మాత్రం గేటు లోపల ఎవరూ లేనివాళ్ళు. ఏ నేల మీద ఆ గేటు లేచిందో ఆ నేల ఆదివాసీ కుటుంబాలు వాళ్ళలో ముందు వరుస.

1990ల్లో లెక్క మారింది. దాదాపు 78 వేలున్న ఉక్కు కంపెనీ ఉద్యోగుల సంఖ్య, స్వచ్ఛంద విరమణ పథకాలతో పది పన్నెండేళ్ళలో ఇంచుమించు సగానికి పడిపోయింది. ఖాళీలే లేనప్పుడు "ఎవరబ్బాయివి" అన్న ప్రశ్నకు విలువేముంది? రాత పరీక్ష, ఆన్‌లైన్ దరఖాస్తు, ప్యానెల్ ఇంటర్వ్యూ ముందుకొచ్చాయి. ఇప్పటికీ ఉద్యోగుల పిల్లలకు కొన్ని నోటిఫికేషన్లలో ప్రత్యేక అవకాశం ఉంటోంది కానీ, వాళ్ళూ పరీక్ష గట్టెక్కాల్సిందే.

ఒక పోస్టుకార్డు, ఆరుగురు పరీక్షకులు

ఈ మార్పు కన్నా చాలా ముందే టెల్కో బల్ల దగ్గర ఒక ఇంటర్వ్యూ జరిగింది. ఆ ముచ్చట జంషెడ్‌పూర్‌ది కాదు, పుణెది. కానీ ఇక్కడి హెచ్‌ఆర్ వాళ్ళు ఎవరూ దాన్ని చెప్పకుండా వదలరు.

1974. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నోటీసు బోర్డు మీద టెల్కో ప్రకటన. యువ ఇంజినీర్లు కావాలి, మహిళలు దరఖాస్తు చేయనక్కర్లేదు అని దాని సారాంశం. సుధా కులకర్ణి అనే విద్యార్థినికి ఒళ్ళు మండి, జేఆర్‌డీ టాటాకు పోస్టుకార్డు రాసింది. పది రోజులు తిరక్కుండానే టెలిగ్రామ్: పుణె రండి, రానుపోను ఖర్చులు మావే. హాస్టల్ స్నేహితురాళ్ళకు ఉద్యోగం సంగతి పట్టలేదు. పుణె చీరలు చవక కదా అని తలా ముప్పై రూపాయలు చేతిలో పెట్టారట.

ఇంటర్వ్యూ గదిలో ఆరుగురు. జేఆర్‌డీకి ఉత్తరం రాసిన పిల్ల ఈవిడే అని గుసగుసలు చెవిన పడ్డాయి. ఉద్యోగం ఎలాగూ రాదనుకున్నాక ఆవిడకి భయం పోయింది. సాంకేతిక ప్రశ్నలు వరసగా అడిగారు, అన్నింటికీ చెప్పింది. అప్పుడు ఒక పెద్దాయన, షాప్ ఫ్లోర్‌లో ఆడవాళ్ళని ఎప్పుడూ పెట్టుకోలేదనీ, అందుకే అలా రాశామనీ మెత్తగా వివరించబోయాడు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అని ఆమె జవాబు. ఉద్యోగం వచ్చింది. ఆ అమ్మాయే తర్వాతి రోజుల సుధామూర్తి. ఈ కథంతా ఆవిడే రాసుకున్నారు.

ఈ కథలో అందరూ పోస్టుకార్డును పొగుడుతారు. నాకు మాత్రం దానికంటే ఆ సాంకేతిక ప్రశ్నల ఘట్టమే ముఖ్యంగా తోస్తుంది. కోపం ఆమెను గదిలోకి తీసుకెళ్ళింది, అంతే. అక్కడ నిలబెట్టింది చదివిన చదువు. ఆరుగురిలో ఎవరూ తండ్రి ఎవరని అడగలేదు. పని తెలుసా లేదా అన్నదే అడిగారు.

[బాక్స్] మీ ఊరి గురించి చెప్పగలరా?

*మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ 1949లో ఇదే ఊళ్ళో మొదలైంది. అక్కడ సీటు కోసం జనవరిలో జరిగే గ్జాట్ పరీక్ష రాశాక ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలకు సొంత ఊరి ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్నకు నోరు వెళ్ళబెట్టేవాళ్ళే ఎక్కువ. ఇవైనా తెలిసుండాలి.*

*జూబిలీ పార్కు: ఉక్కు కంపెనీ యాభై ఏళ్ళ గుర్తుగా ఊరికిచ్చిన కానుక. 1958లో నెహ్రూ ప్రారంభించారు.*

*ఎనిమిది గంటల పనిదినం: ఈ కంపెనీలో 1912లోనే వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కన్నా చాలా ముందే.*

*నగరపాలక సంస్థ: జంషెడ్‌పూర్ ప్రధాన ప్రాంతానికి లేదు. ఉన్నది నోటిఫైడ్ ఏరియా కమిటీ. ఎందుకు లేదో ఆలోచించి వెళితే పదిహేను నిమిషాల చర్చ మీ చేతిలో ఉంటుంది.*

'మీ గురించి చెప్పండి'

ఇప్పుడు బల్ల ముందు కూర్చుందాం. డిప్లొమా కుర్రాడు, మెకానికల్. ఎదురుగా ముగ్గురు. ఒకరు హెచ్‌ఆర్, ఇద్దరు షాపు నుంచి వచ్చిన ఇంజినీర్లు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: మీ గురించి చెప్పండి.

ఇక్కడే అద్దం ముందు బట్టీపట్టిన పాఠం బయటికొస్తుంది. పేరు, నాన్న పేరు, ఊరు, పుస్తకపఠనం, క్రికెట్. ఇవన్నీ వాళ్ళ చేతిలోని కాగితంలో ఉన్నవే. వాళ్ళకి కావాల్సింది ఎక్కడ పట్టుకుని లాగితే మాట సాగుతుందో ఆ కొస. "మూడో ఏడాది నాలుగు వారాలు ప్లాంటులో శిక్షణ తీసుకున్నాను, కూలింగ్ వాటర్ పంపుల దగ్గర" అన్నారనుకోండి, ఇంజినీర్లిద్దరూ ముందుకు వంగుతారు. అక్కణ్ణుంచి ఇంటర్వ్యూ మీరు గీసిన గీత మీదే నడుస్తుంది.

అయితే ఆ గీత నిజంగా మీదే అయ్యుండాలి. ఈ ఊళ్ళో వేసవి శిక్షణ ప్రాజెక్టు రిపోర్టులు జిరాక్సు షాపుల్లో చేతులు మారుతుంటాయి. బ్లాస్ట్ ఫర్నేస్ శీతలీకరణ మీద అదే అట్ట, అవే బొమ్మలు, పేరు ఒక్కటే కొత్తది. బోర్డులో కూర్చున్నాయన ఆ రిపోర్టును ఏటా చూస్తూనే ఉంటాడు. లోపలున్న సూత్రాల జోలికి ఆయన పోడు. "ఆ పంపు పక్కన నిలబడితే దేని శబ్దం ఎక్కువ వినిపిస్తుంది?" అని అడుగుతాడు. వెళ్ళినవాడు చెబుతాడు. వెళ్ళనివాడు సూత్రం చెప్పబోతాడు.

ఇంకో దృశ్యం. బల్ల మీద వెర్నియర్ క్యాలిపర్, ఒక ఇనుప ముక్క. "మందం చూసి చెప్పు." కుర్రాడు ముక్కను దవడల మధ్య బిగించి మెయిన్ స్కేల్ చదివి, వెర్నియర్ మీద ఏ గీత కలిసిందో చూసి, దాన్ని 0.02తో గుణించి కూడతాడు. జవాబు సరిగ్గానే వస్తుంది. అయినా మార్కులు పడకపోవచ్చు. ఎందుకంటే వాళ్ళు జవాబు కన్నా ముందు జరగాల్సినదాన్ని చూస్తున్నారు. దవడలు తుడిచాడా? ముక్క పెట్టకముందు ఒకసారి మూసి సున్నా దగ్గర సున్నా కలుస్తోందా, పరికరంలోనే తప్పుందా అని పరీక్షించాడా? రోజూ చేసేవాడి చేతులు అడక్కుండానే ఆ పని చేసేస్తాయి. పుస్తకంలో చదివినవాడికి గుర్తుండదు.

భద్రత ప్రశ్న కూడా అంతే. "మోటారు ఆగిపోయింది. మొదట ఏం చేస్తావు?" అంటే మోటారు విప్పడం మొదలుపెట్టేవాళ్ళు చాలామంది. కరెంటు తీసి, స్విచ్చుకు తాళం వేసి, ట్యాగ్ తగిలించి, నిజంగా సరఫరా లేదని పరీక్షించాక మోటారు మీద చెయ్యి వేస్తానన్నవాడి మాట విని ఊపిరి పీల్చుకుంటారు. మరి తెలియని ప్రశ్న వస్తే? తెలియదని చెప్పి, తెలిసిన అంచు దాకా వెళ్ళి ఆగడం. కట్టుకథ అల్లితే దొరికిపోవడానికి రెండు ప్రశ్నలు చాలు. ఇంగ్లీషులో ఇరుక్కుంటే హిందీలో చెప్పవచ్చా అని అడగడం తప్పేమీ కాదు, షాపులో మాట్లాడేది ఎలాగూ హిందీయే.

[బాక్స్] పరిశోధనలు ఏమంటున్నాయి

*ఎంపిక పద్ధతి ఏదైనా, తర్వాత ఆ మనిషి పనితీరుతో దానికెంత పొంతన ఉందో 0 నుంచి 1 దాకా కొలుస్తారు. 85 ఏళ్ళ పరిశోధనలను కూర్చి 1998లో ష్మిట్, హంటర్ ఇచ్చిన లెక్క ఇది. పని చేయించి చూడటం 0.54. అందరికీ ముందే రాసుకున్న ఒకే ప్రశ్నలు వేసే ఇంటర్వ్యూ 0.51. నోటికొచ్చింది అడిగే పిచ్చాపాటీ ఇంటర్వ్యూ 0.38. చేతిరాత చూసి మనిషిని చెప్పడం 0.02.*

*2022లో శాకెట్ బృందం ఈ లెక్కలు సవరించి చాలావాటిని తగ్గించింది. ఒకే ప్రశ్నల ఇంటర్వ్యూ 0.42తో అన్నిటికన్నా పైన నిలిచింది.*

మీదే ఊరు?

మామూలు పలకరింపులా వినిపించే ఈ ప్రశ్న జంషెడ్‌పూర్ తెలుగు పిల్లల్ని గుచ్చుతుంది. ముత్తాత వందేళ్ళ కిందట వచ్చాడు. ఇల్లు కంపెనీ క్వార్టరు. సొంత భూమి లేదు. శ్రీకాకుళం వెళితే "టాటా వాళ్ళు" అంటారు, ఇక్కడేమో "ఆంధ్రావాళ్ళు". 2022 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ 1932 భూరికార్డుల ఆధారంగా స్థానికతను నిర్ణయించే బిల్లు ఆమోదించింది. గవర్నరు దాన్ని తిప్పి పంపారు. అప్పట్లో క్వార్టర్ల బస్తీల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: భూమే కొనని మనకి ఖతియాన్ (భూరికార్డు) ఎక్కణ్ణుంచి వస్తుంది? అంతకుముందు 2021లో, నెలకు 40 వేల రూపాయల లోపు జీతమున్న ప్రైవేటు ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అన్న చట్టం వచ్చింది. 2024 డిసెంబరులో హైకోర్టు దాని అమలును నిలిపేసింది.

చట్టం వెనక ఆదివాసీ సమాజానిది న్యాయమైన ఆక్రోశం, తమ నేల మీద లేచిన గేటు ముందు తామే బయట నిలబడ్డామని. దాన్ని కాదనలేం. కానీ బల్ల ముందు కూర్చున్న పిల్లకి ఆ చరిత్రంతా చెప్పే వ్యవధి ఉండదు. పుట్టింది ఇక్కడ, బడి ఇక్కడ, ఇంట్లో తెలుగు, బయట హిందీ అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్ళడమే మేలు. సంజాయిషీలా చెప్పక్కర్లేదు.

పెళ్ళెప్పుడు?

అమ్మాయిలకు అదనంగా తగిలే ప్రశ్న. దీని మీద నాకు ఓపిక లేదు. నియామకంలో ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. అయినా 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ చెన్నై దగ్గరి ఫాక్స్‌కాన్ ఐఫోన్ కర్మాగారంలో పెళ్ళయిన స్త్రీలను పక్కనపెడుతున్నారని బయటపెడితే దేశమంతా గగ్గోలైంది.

ఇక్కడ మరో వైపు కూడా ఉంది. గనుల్లో స్త్రీలు రాత్రి పూట పనిచేయడానికి 2019లో కేంద్రం దారి తెరిచింది. అదే ఏడాది టాటా స్టీల్ నోవాముండి ఇనుప గనిలో అన్ని షిఫ్ట్‌లలోనూ మహిళలను దించింది. కాబట్టి "సి షిఫ్ట్ చేస్తావా" అన్నది ఇప్పుడు నిజమైన ప్రశ్నే, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా. దానికి జవాబు ఇంట్లో ముందే మాట్లాడుకుని వెళ్ళాలి. పెళ్ళి ప్రశ్నకు మాత్రం, పనికి అడ్డురాని విషయమని నవ్వుతూ చెప్పి పని ప్రశ్నకు మళ్ళించవచ్చు. మళ్ళీ మళ్ళీ అదే అడిగితే ఆ కంపెనీ గురించి మీకు తెలియాల్సింది తెలిసిపోయినట్టే.

కెమెరా ఎదుట

ఐటీ ఉద్యోగాలకు మొదటి గడప ఈ కెమెరాయే. తెర మీద ప్రశ్న పడుతుంది, ఆలోచించుకోవడానికి అరనిమిషం, చెప్పడానికి రెండు నిమిషాలు. అటు పక్క తల ఊపేవాళ్ళుండరు. మనకి అలవాటైన "అవునండి, చెప్పండి" లేకపోయేసరికి మాట తడబడుతుంది. ముఖం చూసి మనసు చదువుతుందని మొదట్లో గొప్పలు పోయిన అమెరికా కంపెనీ హైర్‌వ్యూ, విమర్శలు తట్టుకోలేక 2021లో ముఖ విశ్లేషణ మానుకుంది. బయోడేటాలు వడగట్టేందుకు అమెజాన్ తయారుచేసుకున్న ప్రోగ్రామ్ ఆడవాళ్ళను తక్కువ చేస్తోందని తేలి మూలన పడేసిన సంగతి 2018లో బయటికొచ్చింది. యంత్రానికి పక్షపాతం లేదన్న నమ్మకం అప్పుడే సడలింది.

ప్రభుత్వాలు ఇంటర్వ్యూనే అనుమానించడం మరో విడ్డూరం. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1కీ ఎత్తేసింది. సిఫార్సుకు చోటుండకూడదని వాళ్ళ వాదన. ఇటు సివిల్స్‌లో 2,025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూవే.

ఆదిత్యపూర్‌లో పావుగంట

ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్. టాటా మోటార్స్ లారీల కర్మాగారాన్ని నమ్ముకుని పెరిగిన చిన్నా పెద్దా యూనిట్లు వందల్లో ఉంటాయి. ఇక్కడ ప్యానెల్ ఉండదు. యజమాని గాజు తలుపు గదిలో ఫోన్ మాట్లాడుతూనే సైగ చేసి కూర్చోమంటాడు. లేత్ వచ్చా, సీఎన్‌సీ వచ్చా, డ్రాయింగ్ చదవగలవా? అని అడుగుతాడు. పదండి చూద్దాం అని షెడ్డులోకి తీసుకెళ్ళి మిషన్ మీద నిలబెడతాడు. పరిశోధకులు పెద్ద మార్కులేసిన పద్ధతి ఇదేనని ఆయనకు తెలియదు. తిరిగొచ్చాక చివరి ప్రశ్న: ఎంత తీసుకుంటావు? మనవాళ్ళు ఇక్కడ "మీ ఇష్టం సార్" అని తలొంచుకుంటారు. ఆ మాటకు దొరికేది ఆయన ఇష్టమే. ముందే నలుగురిని వాకబు చేసి ఒక అంకె మనసులో పెట్టుకుని వెళ్ళాలి.

[బాక్స్] డబ్బడిగితే లేచి వచ్చేయండి

*టాటాల పేరుతో నకిలీ ఆఫర్ లెటర్లు తిరుగుతుంటాయి. లెటర్‌హెడ్డు, సంతకం, ముద్ర అన్నీ ఉంటాయి. చివర్లో సెక్యూరిటీ డిపాజిట్టో, యూనిఫాం ఖర్చో, వైద్యపరీక్ష రుసుమో కట్టమంటారు. ఉద్యోగం ఇవ్వడానికి తాము డబ్బు తీసుకోమని టాటా సంస్థలే తమ వెబ్‌సైట్లలో హెచ్చరిస్తున్నాయి. మెయిల్ చిరునామా ఉచిత ఖాతాది అయినా, ఇంటర్వ్యూ హోటల్ గదిలో అన్నా అనుమానించండి.*

ఇక మీ వంతు

చివర్లో బల్ల అవతల నుంచి ఒక మాట వస్తుంది: మీరేమైనా అడగాలా? చాలామంది ఏమీ లేదు సార్ అని లేచి నిలబడతారు. పెద్దవాళ్ళని ఎదురు ప్రశ్నించకూడదని పెంచాం కదా.

అడగాల్సినవి ఉన్నాయి. శిక్షణ కాలం ఎంత, అప్పుడిచ్చేది స్టైపెండా జీతమా? శిక్షణ అయ్యాక తీసుకోవడం ఖాయమా, మళ్ళీ పరీక్షా? పీఎఫ్ ఏ నెల నుంచి కడతారు? కొత్తగా చేరినవాణ్ణి మొదటి నెల ఎవరి కింద ఉంచుతారు? అన్నిటికన్నా ముఖ్యం, ఈ ఊళ్ళో మరీ ముఖ్యం: నియామక పత్రం ఇచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా? ఒకే షెడ్డులో ఒకే హెల్మెట్టు పెట్టుకుని పక్కపక్కన పనిచేసే ఇద్దరికి జీతం, సెలవులు, ఆసుపత్రి ఖర్చు వేరువేరుగా ఉండటానికి కారణం ఆ ఒక్క తేడాయే. గేట్ పాస్ మీద ఎవరి పేరుంటుందో చేరాక తెలుసుకోవడం కన్నా, ఆ కుర్చీలోంచి లేవకముందే అడిగేయాలి.